సరిహద్దు దాటితే తలకెక్కే హెల్మెట్

చిత్తూరు నుంచి వేలూరు వెళ్లే రోడ్డులో గుడిపాల దాటాక ఒక తమాషా కనిపిస్తుంది. అప్పటిదాకా పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్నవి, మోచేతికి గాజులా వేలాడినవి, వెనక కూర్చున్న ఇల్లాలి ఒళ్లో కూరగాయల సంచీతో పాటు ఒదిగినవి, ఆ హెల్మెట్లన్నీ ఒక్కొక్కటిగా తలలకెక్కుతాయి. కాట్పాడి రాకముందే, క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు కంటబడుతుండగానే, బండి పక్కకు తీసి గడ్డం కింద పట్టీ బిగించి మరీ బయల్దేరతారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇంచుమించు అక్కడే అవి మళ్లీ ట్యాంకు మీదికి దిగిపోతాయి. రోడ్డు అదే, లారీలు అవే. బోర్డు మీది లిపి మాత్రం వేరు.

ఇది చూసి మనవాళ్లకు దెబ్బ పడితే తప్ప బుద్ధి రాదని తేల్చేయడం తేలిక. నేనలా తేల్చను. ఆ బండివాడు చట్టం తెలియనివాడు కాడు. ఎక్కడ చట్టం బతికి ఉందో, ఎక్కడ కాగితం మీద మాత్రమే ఉందో అతనికి వకీళ్లకన్నా బాగా తెలుసు. ఏ కూడలిలో ఏ వేళకు ఆపుతారు, పండగ ముందు ఎన్నాళ్లు గట్టిగా ఉంటారు, ఏ సందులోంచి పోతే కూడలి తప్పుతుంది, ఇదంతా అతని బుర్రలో పటంలా ఉంటుంది. ఆ పటాన్నీ, డాలస్‌లోనో సియాటిల్‌లోనో మెల్‌బోర్న్‌లోనో సైకిలు తొక్కే తెలుగువాళ్ల ముందున్న పటాన్నీ పక్కపక్కన పరిచి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అక్కడ సైకిలు హెల్మెట్ విషయంలో ఊరు మారితే చట్టం మాటే మారిపోతుంది. ఇక్కడ మోటారు సైకిలు హెల్మెట్ విషయంలో మాట మారదు, పట్టింపు మారుతుంది. రెండూ గందరగోళాలే. అయితే ఒక గందరగోళానికి అడ్రసు ఉంది, రెండోదానికి లేదు.

ముందు మన మాట సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ దేశమంతటికీ ఒకటే. బహిరంగ స్థలంలో మోటారు సైకిలు నడిపేవాళ్లూ, వెనక కూర్చునేవాళ్లూ బీఐఎస్ ప్రమాణాలకు తగిన హెల్మెట్ పెట్టుకోవాలి. తలపాగా కట్టిన సిక్కులకు మినహాయింపు. నెత్తిన పెట్టుకుంటే చాలదు, పట్టీతో బిగించాలని కూడా అందులోనే ఉంది. 2019 సవరణతో ఇది నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ అని స్పష్టం చేశారు. 194-డి కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల లైసెన్సు అనర్హత చేర్చారు. అంతకు ముందు పడే జరిమానా వంద.

ఇంత తేటగా ఉన్న మాట ఎన్నిసార్లు పుట్టిందో చూడండి. 2015 జూన్‌లో మద్రాసు హైకోర్టు గద్దించాక జూలై 1 నుంచి తమిళనాడులో పుట్టింది. వెనక కూర్చున్నవాళ్ల కోసం 2016 జనవరిలో కర్ణాటకలో పుట్టింది. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు హెల్మెట్ నిబంధన అమలు చేయమని చెప్పినప్పుడు మన దగ్గర పుట్టింది. ఆ డిసెంబరులో అదే కోర్టు అమలు ఏదని మళ్లీ నిలదీసింది. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలన్నది 1988 నాటి మాటే. పాతికేళ్లకు పైబడ్డ చట్టానికి పదే పదే నామకరణాలు చేస్తున్నామంటే మధ్యలో అది నిద్రపోయిందనే కదా. నిద్రపుచ్చినవారెవరని మాత్రం ఏ తీర్పూ పేరు పెట్టి అడగలేదు.

జరిమానా కథ ఇంకో రకం. అదే చట్టంలోని 200వ సెక్షన్ ప్రకారం, కోర్టుకు పోకుండా అక్కడికక్కడ కట్టించుకునే సొమ్ము ఎంతో రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు. ఆ కిటికీలోంచి తేడాలన్నీ లోపలికొచ్చాయి. 2019 సెప్టెంబరులో కొత్త జరిమానాల మీద జనం గోల పెట్టగానే కర్ణాటక హెల్మెట్ సొమ్మును వెయ్యి నుంచి 500కు దించింది. తమిళనాడు మూడేళ్లు నాన్చి, 2022 అక్టోబరులో ఏకంగా వంద నుంచి వెయ్యికి ఎక్కించింది. మన దగ్గర వెయ్యి మాట 2025 మార్చికి గానీ ఊరూరా గట్టిగా వినబడలేదు. పలమనేరు నుంచి పొద్దున బయల్దేరినవాడు నంగిలి దాటి ముళబాగిలు వైపు పోతే తలకు 500, చిత్తూరు మీదుగా వేలూరు వైపు పోతే అదే తలకు వెయ్యి. 

ఈ గీతలు మన ప్రాంతంలో ఎంత ఇటీవలివో మరిచిపోతాం. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న, ఉత్తర ఆర్కాటు నుంచీ కడప నుంచీ కొన్ని తాలూకాలు కోసి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా మన జిల్లాలోనే ఉంది; రాష్ట్రాల సరిహద్దు తగాదా మీద పటాస్కర్ తీర్పు తర్వాత అవతలికి పోయింది. పుత్తూరులో ఉన్న అక్కకూ తిరుత్తణిలో ఉన్న చెల్లెలికీ సంబంధ బాంధవ్యాలు, మొక్కుబడులు, మాట్లాడే తెలుగు యాస అన్నీ ఒకటే. తలకు మాత్రం రెండు ప్రభుత్వాలు.

ఇక తిరుపతి, చిత్తూరు. బయటివాళ్లకు ఈ రెండూ ఒకే జిల్లా పేరుతో గుర్తు. 2022 ఏప్రిల్ 4 నుంచి వేరు పడ్డాయి. హెల్మెట్ దగ్గర అంతకు ముందు నుంచే వేరు.

తిరుపతిలో రోడ్డు మీద ఉన్నవాళ్లలో చాలామంది ఊరివాళ్లు కారు. చెన్నై నుంచి రాత్రికి రాత్రి బుల్లెట్ల మీద వచ్చే కుర్రాళ్లు, బెంగళూరు బండ్లు, రైలు దిగి అద్దెకు స్కూటీ తీసుకున్న జంటలు. ఇలాంటి ఊళ్లో చట్టం భక్తుడిని ఎంత ఇబ్బంది పెట్టొచ్చు అన్న మొహమాటం ఎప్పుడూ ఉంటుంది. కపిలతీర్థం దగ్గరో, లీలామహల్ కూడలిలోనో నిలబడి చూస్తే ఈ సంభాషణ వినబడకపోదు:

“ఏం సామీ, హెల్మెట్ యాడ?”

“గుండు కొట్టించుకోని వస్తా ఉండా సార్. గంధం తడి ఇంకా ఆరలే.”

కానిస్టేబులు ఏం చేస్తాడు? అప్పుడే గొరిగిన తల, దాని మీద పచ్చగా గంధం పూత, చెవుల పక్కన బ్లేడు గీసిన చిన్న గాటు. ఆ తలకు చెమట పట్టిన స్పాంజీ అట్ట తగిలితే మంట. పార్లమెంటు తలపాగా గురించి ఆలోచించింది, ఢిల్లీ ప్రభుత్వం ఆడవాళ్ల గురించి ఆలోచించి 2014 దాకా వాళ్లకు మినహాయింపు నడిపించింది. రోజూ వేల గుండ్లు గీసే ఊరికి గుండు గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. నేను మినహాయింపు అడగడం లేదు. గుండుకు జుట్టు అడ్డు కూడా లేదు, హెల్మెట్ అవసరం ఇంకా ఎక్కువ. నా బాధల్లా, ఆ ప్రశ్న అధికారికంగా ఎవరి బల్ల మీదికీ రాకుండా, రోజుకో కానిస్టేబులు తన దయాదాక్షిణ్యాల మేరకు తేల్చేయడం గురించే.

అదే తిరుపతిలో, తిరుమల కొండ కింది అలిపిరిలో, దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి కూడా ఉంది. అలిపిరి టోల్‌గేటు దగ్గర ప్రతి బండీ ఆగుతుంది. సంచులు తెరుస్తారు. మద్యం, మాంసం, సిగరెట్టు పైకి పోవు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికే. మరీ తొందరగా దిగినవాడిని కింద గేటు దగ్గర నిలేస్తారు. 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నపాప బలైనప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం ఘాట్ రోడ్ల మీద ద్విచక్ర వాహనాల వేళలు కుదించింది. ఎందుకు కుదించిందో చెప్పింది, ఎప్పటి నుంచో చెప్పింది, తర్వాత సడలించినప్పుడూ చెప్పింది. ఇష్టమున్నవాళ్లు మెచ్చుకున్నారు, లేనివాళ్లు విసుక్కున్నారు. ఊరికి తగిన నియమం అంటే అదీ. అలాంటి గేటు ఉన్నచోట, 36 మలుపులు దిగబోయే బండి మీద వెనక కూర్చున్న మనిషి తల ఖాళీగా ఉందా లేదా అన్నది సీసా ఉందా లేదా అన్నంత గట్టిగా చూస్తే కాదనేవాళ్లు ఎవరు?

చిత్తూరు ఊరూ, దాని చుట్టుపక్కలా వేరే లోకం. గాంధీ విగ్రహం దగ్గరా, కలెక్టరేటు వైపూ తలలు కప్పుకుని ఉంటాయి. మురకంబట్టు దాటి మట్టి రోడ్డు తగిలిందంటే హెల్మెట్ మాటే ఉండదు. అటూ ఇటూ పాలక్యాన్లు వేలాడదీసుకుని, మధ్యలో గడ్డిమోపు పెట్టుకుని పాలకేంద్రానికి పోయేవాడిని అడిగితే అతని జవాబులో పస ఉంటుంది. వేగం పాతిక దాటదు, దూరం ఊరి పొలిమేర దాకా, ఎండ నలభై దాటింది, వెనక వచ్చే ట్రాక్టరు హారను చెవిన పడాలి. ఇవన్నీ సాకులే అనడానికి నాకు నోరు రాదు. అయితే ఆ మట్టిరోడ్డు చివర బెంగళూరు హైవే ఉంది, బంగారుపాళ్యం దాటితే మొగిలి ఘాట్ ఉంది. మట్టిరోడ్డు మీద అలవాటు లేని తల హైవే ఎక్కగానే హెల్మెట్ వెతుక్కోదు. దేశం మొత్తమ్మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మన జిల్లాల నుంచి తలకు దెబ్బ తగిలినవాళ్లను తీసుకుపోయేది తిరుపతి రుయాకో, స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో. సీఎంసీకి తీసుకుపోయేటప్పుడు సరిహద్దులో హెల్మెట్ అడిగేవాళ్లుండరు.

హెల్మెట్ వస్తువు గురించి కూడా ఒక మాట. తిరుపతి రోడ్ల పక్కన తాళ్లకు వేలాడదీసి అమ్మే వాటిని తిప్పి చూడండి. పైన ఐఎస్ఐ గుర్తు స్టిక్కరు మీద ముద్రించి ఉంటుంది, గోటితో గీకితే లేచొస్తుంది. లోపల వేలు పెట్టి నొక్కితే దెబ్బను మింగాల్సిన గట్టి థర్మకోల్ ఉండదు, పలచని స్పాంజీ కింద నేరుగా ప్లాస్టిక్ తగులుతుంది. పట్టీ క్లిప్పు నాలుగు రోజులకు విరుగుతుంది, తర్వాత ముడి వేసుకోవడమే. 2021 జూన్ నుంచి బీఐఎస్ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. పెట్టుకోనివాడికి పడే చలానాలో వందో వంతు శ్రద్ధ అమ్మేవాడి మీద కనబడదు. ఇది తిరుపతికీ, చిత్తూరుకీ, వేలూరుకీ తేడా లేని చోటు.

ఇప్పుడు సముద్రం అవతలి పటం. అక్కడ తగాదా సైకిలు హెల్మెట్ మీద.

ప్రపంచంలో మొట్టమొదట సైకిలు తొక్కేవాళ్లందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం, 1990 జూలై 1 నుంచి. పక్కనే సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ 2016 మార్చిలో జరిమానాను 71 డాలర్ల నుంచి ఒక్క దెబ్బకు 319 చేసింది. ఆస్ట్రేలియాలోనే నార్తర్న్ టెరిటరీలో మాత్రం పెద్దవాళ్లు రోడ్డు దిగి సైకిలు బాట మీదో, కాలిబాట మీదో తొక్కితే హెల్మెట్ అక్కర్లేదు. అమెరికాకు దేశమంతటి చట్టం లేనేలేదు. కాలిఫోర్నియాలో 18 ఏళ్ల లోపు పిల్లలకే, న్యూజెర్సీలో 17 లోపు వాళ్లకే. టెక్సాస్ రాష్ట్రానికి చట్టం లేదు గానీ డాలస్ నగరానికి ఉంది: 1996లో అందరికీ పెట్టింది, 2014లో పెద్దవాళ్లను వదిలి 18 లోపు వాళ్లకే ఉంచింది. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో ఆరోగ్య మండలి 1993లో నియమం పెట్టింది, 2003లో సియాటిల్ నగరం దాని కిందికి వచ్చింది, 2022 ఫిబ్రవరిలో మండలే రద్దు చేసింది. ఆ కౌంటీలోనే సొంత నియమాలున్న చిన్న నగరాల్లో అది ఇంకా నడుస్తోంది.

చిత్తూరు బండివాడి కళ్లతో చూస్తే ఇది కూడా మన గుడిపాల కథే. నగరం గీత దాటితే తల విడుదల. పైగా మాట కూడా మారుతుంది కాబట్టి ఇంకా అన్యాయం అనిపించాలి. నాకు అలా అనిపించకపోవడానికి కారణం సియాటిల్‌లో రద్దు జరిగిన తీరు. అక్కడ టికెట్లు ఎవరికి పడ్డాయో లెక్క తీశారు. దాదాపు సగం ఇల్లు లేనివాళ్లకు పడ్డాయని, నల్లజాతివాళ్లకు వాళ్ల సంఖ్యను మించి పడ్డాయని తేలింది. హెల్మెట్ మంచిది కాదని అక్కడ ఎవరూ అనలేదు. పెట్టుకోమని ప్రచారం చేస్తూనే, ఆ నియమం పోలీసు చేతిలో మరో పనికి వాడబడుతోందని ఒప్పుకుని, బహిరంగంగా ఓటేసి తీసేశారు. తప్పు చేశారనుకునేవాళ్లు కూడా ఎవరిని నిలదీయాలో తెలిసి నిలదీశారు.

మన తిరుపతిలో, చిత్తూరులో చలానాలు ఎవరికి పడుతున్నాయి? రేణిగుంట రోడ్డులో షిఫ్టుకు పోయే కార్మికులకా, కాలేజీ పిల్లలకా, బాలాజీ కాలనీలో కారు అమ్మి స్కూటరు కొన్న పెద్దమనిషికా? అలాంటి లెక్క ఏ పురపాలక సమావేశంలోనైనా చర్చకు వచ్చిందని నేను వినలేదు. తేడా ఉండటం మీద నాకు పేచీ లేదు. పాలబండికీ హైవే మీది బుల్లెట్‌కూ ఒకే కొలత వద్దంటే వినడానికి సిద్ధమే. కానీ ఆ మాట ఎవరో ఒకరు సంతకం పెట్టి చెప్పాలి. మన దగ్గర ఆ తేడాను రోజూ పాటిస్తారు, ఎవరూ ఒప్పుకోరు.

ఒప్పుకున్నంత మాత్రాన తెలివైన నిర్ణయం అవుతుందనీ కాదు. 2019 డిసెంబరులో గుజరాత్ ప్రభుత్వం పట్టణాల లోపల హెల్మెట్ అక్కర్లేదని బాహాటంగా ప్రకటించింది. అది పార్లమెంటు చట్టానికి అడ్డం తిరగడమే, కొద్ది వారాలకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. అదే ఏడాది జనవరిలో పుణె పోలీసులు గట్టిగా పట్టబోతే ఊరివాళ్లు వ్యతిరేక సమితి కట్టి వీధికెక్కారు. వాళ్ల వాదన నాకు నచ్చలేదు. అయినా ఒక సంగతి గమనించాను: పుణెవాడు హెల్మెట్ వద్దని పోలీసు కమిషనరు ముందుకెళ్లి అన్నాడు. మనవాడు అనడు. ట్యాంకు మీద పెట్టుకుంటాడు.

ఇంకో చోట రెండు పటాలూ ఒకదాన్నొకటి వెక్కిరిస్తాయి. మన చట్టం తలను చూడదు, ఇంజను చూస్తుంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను మోటారు సైకిలు మీద తీసుకుపోతే పిల్లకు హెల్మెట్, పెద్దవాళ్లకు కట్టే పట్టీ, 40 కిలోమీటర్లకు మించని వేగం అని 2023 ఫిబ్రవరి నుంచి కేంద్ర నియమం ఉంది. అదే పిల్లను సైకిలు ముందుకడ్డీ మీద చిన్న సీటు బిగించి కూర్చోబెట్టుకుని కట్టమంచి నుంచి బడికి తీసుకుపోతే ఏ నియమమూ లేదు. ‘బడికొస్తా’ పథకం కింద మన ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు, హెల్మెట్లు రాలేదు. కుప్పం సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడ సైకిలు ఎన్నికల గుర్తుగా గోడలన్నిటి మీదా ఉంది, ర్యాలీల్లో ఉంది, దాని మీద కూర్చున్న ఏ తల మీదా హెల్మెట్ ఉండదు. ఆస్ట్రేలియా పద్ధతి మనకు తెచ్చి సైకిలు తొక్కే పేపరు కుర్రాడికి చలానా రాయమంటే నేను ఒప్పుకోను. పేదవాడి బండి మీద ఇంకో సుంకం అది. జపాన్ 2023 ఏప్రిల్ నుంచి చేసినట్టు, సైకిలువాళ్లంతా హెల్మెట్ పెట్టుకోవడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి, జరిమానా పెట్టకుండా వదిలేయడం మనకు నవ్వు తెప్పించవచ్చు. వెయ్యి జరిమానా రాసి వదిలేయడం కన్నా అందులో దాపరికం తక్కువ.

సైకిలుకూ మోటారు సైకిలుకూ మధ్య గోడ కూడా ఇప్పుడు కూలిపోతోంది. మోటారు 250 వాట్ల లోపు ఉండి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపే ఉన్న బ్యాటరీ బండి కేంద్ర నియమాల ప్రకారం మోటారు వాహనమే కాదు. నంబరు ప్లేటు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, 129వ సెక్షన్ దాని మీదికి రాదు. చూడటానికి అచ్చం స్కూటరే. తిరుచానూరు రోడ్డులో యూనిఫాం వేసుకున్న పదిహేనేళ్ల పిల్ల దాని మీద తమ్ముణ్ణి ఎక్కించుకుని ట్యూషనుకు పోతుంటుంది, పక్కనే పెట్రోలు స్కూటరు మీద వాళ్ల మామయ్య హెల్మెట్ పెట్టుకుని పోతుంటాడు. కూడలిలో ఎర్రలైటు దగ్గర ఇద్దరూ ఆగుతారు. మామయ్య చట్టం దృష్టిలో వాహనదారుడు, మేనకోడలు సైకిలు తొక్కుతున్న పిల్ల. అమ్మిన అంగడివాడు వేగం తాళం విప్పి ఇచ్చాడో, లేదో, ఆ బండి నిజంగా పాతికకు ఆగుతుందో, నలభైకి పోతుందో ఎదురుగా నిలబడ్డ కానిస్టేబులు చూసి చెప్పలేడు. అది తేల్చే కాగితం ఆ పిల్ల ఇంట్లో బీరువాలో ఉంటుంది, అతను ఆపితే గిపితే మామయ్యనే ఆపుతాడు.